పెరట్లో పెర్గోలా: ముందు నీడ, తరువాత సామగ్రి

పెరట్లో పెర్గోలా, అంటే స్తంభాలు, దూలాల మీద పట్టీలు పరచిన పందిరి, వేయించుకోదలచినవారు సాధారణంగా మొదట ఫోటోలు చూస్తారు, తరువాత ఇనుమా, కర్రా, అల్యూమినియమా అని తర్జనభర్జన పడతారు, చివరికి రంగు ఎంచుకుంటారు. నీడ సంగతి మాత్రం దూలాలు పైకెక్కిన తరువాత, మొదటి ఎండాకాలంలో గుర్తుకు వస్తుంది. ఈ వరుసను తిరగవేయాలన్నదే నా సలహా. ఏ నెలలో, ఏ వేళకు, పెరట్లో ఏ మూల నీడ కావాలో ముందు తేల్చుకుంటే పైభాగం ఎలా ఉండాలో తెలుస్తుంది. ఆ పైభాగం బరువును, దాని మీద పడే గాలి ఒత్తిడిని బట్టి సామగ్రి దాదాపు దానంతటదే తేలిపోతుంది.

హైదరాబాద్ సుమారు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అందువల్ల ఏటా మే 9 ప్రాంతంలోనూ, మళ్లీ ఆగస్టు 3 ప్రాంతంలోనూ మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ క్షణంలో నిటారుగా నిలిపిన కర్రకు నీడే పడదు. విజయవాడ, విశాఖపట్నం, వరంగల్ వంటి చోట్ల కూడా కొద్ది రోజుల తేడాతో ఇదే జరుగుతుంది. లండన్‌లో అయితే జూన్ 21న కూడా మధ్యాహ్న సూర్యుడు 62 డిగ్రీల ఎత్తు దాటడు. మనం ముచ్చటపడే ఆధునిక పెర్గోలాల ఫోటోలలో చాలావరకు సూర్యుడు అలా ఏటవాలుగా ఉండే దేశాలవే. అక్కడ పైన పలుచని పట్టీలను అంచు మీద నిలబెట్టి, తూర్పు పడమరలుగా పరిస్తే, దక్షిణం నుంచి వచ్చే ఎండను పట్టీల లోతు అడ్డుకుంటుంది. ఆ నమూనాను యథాతథంగా తెచ్చి ఇక్కడ నిలబెడితే, సరిగ్గా మే నెలలో, సరిగ్గా మధ్యాహ్నం, ఎండ సందుల్లోంచి నేరుగా కుర్చీల మీదికి దిగుతుంది.

ఒక లెక్క చూస్తే ఈ విషయం మరింత స్పష్టమవుతుంది. 2 అంగుళాల మందం, 6 అంగుళాల లోతు గల పట్టీలను 6 అంగుళాల ఖాళీ విడిచి పరిచామనుకుందాం. మే నెలలో మధ్యాహ్నం వేళ ప్రతి 8 అంగుళాలలో 2 అంగుళాల మేరకే, అంటే పాతిక శాతమే, నీడ ఉంటుంది. ఆ పట్టీలను ఉత్తర దక్షిణాలుగా పరిస్తే, సూర్యుడు పడమటికి వాలుతున్నకొద్దీ ఒక్కొక్క పట్టీ నీడ పక్క సందులోకి విస్తరించి, రెండు గంటలకు అరవై శాతానికి, మూడు గంటలకు దాదాపు తొంభై శాతానికి చేరుతుంది. అవే పట్టీలను తూర్పు పడమరలుగా పరిస్తే, మే నెల సూర్యుడు కూడా అదే దారిలో నడుస్తాడు కనుక పొద్దంతా ఎండ సందుల వెంబడి వస్తూనే ఉంటుంది. పైగా డిసెంబరులో మధ్యాహ్న సూర్యుడు దక్షిణ దిశన 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు కనుక, మనం ఎండ కోరుకునే చలికాలంలోనే ఆ పట్టీలు దానిని ఆపేస్తాయి. అందుచేత తెలుగు నేల మీద పట్టీలు ఉత్తర దక్షిణాలుగా ఉండటమే మేలు. ఈ ఒక్క నిర్ణయానికి అదనంగా ఒక్క రూపాయి ఖర్చు కాదు. అయినా పని జరిగేచోట దీనిని అడిగేవారు తక్కువ, దూలాలు ఏ వైపు పొడవుగా ఉంటే పట్టీలు దానికి అడ్డంగా వేసేయడమే ఎక్కువ.

సాయంత్రపు ఎండ మరో చిక్కు. 9 అడుగుల ఎత్తున ఉన్న పైకప్పు నీడ మే నెలలో నాలుగు గంటలు దాటేసరికి 12 నుంచి 14 అడుగులు తూర్పుకు జరిగిపోతుంది. 12 అడుగుల వెడల్పు పెర్గోలా అయితే, సరిగ్గా టీ తాగుతూ కూర్చునే వేళకు దాని నీడ పక్క గోడ మీదనో, తులసికోట మీదనో ఉంటుంది గాని కూర్చున్నవారి మీద ఉండదు. ఆ ఎండను ఆపేది పైకప్పు కాదు, పడమటి వైపు నిలువుగా ఉండే అడ్డు. మనవారిలో చాలామంది తూర్పు ముఖం ఇల్లు కోరుకుంటారు కనుక పెరడు పడమటనే పడుతుంది. అటువంటి పెరట్లో పడమటి అడ్డు లేని పెర్గోలా, ఎంత ఖరీదైనదైనా, ఎండాకాలపు సాయంత్రాలలో ఉపయోగపడదు. పడమటి ముఖం ఇంటివారికి మాత్రం పెరడు తూర్పున ఉండి, ఇల్లే సాయంత్రం నీడ ఇస్తుంది. వారు పైకప్పు మీద తక్కువ ఖర్చు పెట్టినా సరిపోతుంది. పడమటి అడ్డుగా తీగలెక్కిన జాలి, వెదురు తడిక, కిందికి దించి పైకి చుట్టుకునే వెదురు చిక్ తెర, వేసవిలో తడిపి వేలాడదీసే వట్టివేళ్ల తడిక అన్నీ పనికివస్తాయి. వాస్తును పాటించే కుటుంబాలు ఈశాన్యాన్ని తేలికగా, తెరిపిగా ఉంచాలని, బరువు నైరుతి వైపు ఉండాలని కోరుకుంటాయి. పడమర, నైరుతి దిక్కులలో అడ్డు కావాలన్న ఎండ లెక్కకు అది అడ్డురాదు.

పైన ఏమి పరచాలి

పట్టీలను మాత్రమే పరచి వదిలేసిన పెర్గోలా చూడటానికి అందంగా ఉంటుంది, గాలిని ఆపదు, వాన నీటిని నిలవనీయదు. కాని పైన చూసినట్లు మధ్యాహ్నపు నీడ తక్కువ. పట్టీల మధ్య ఖాళీని 6 అంగుళాల నుంచి 3 అంగుళాలకు తగ్గిస్తే ఆ నీడ నలభై శాతానికి పెరుగుతుంది, సామగ్రి కూడా అదే పాళ్లలో పెరుగుతుంది. అంతకంటె తెలివైన పని, పట్టీలను దూరంగానే ఉంచి వాటి మీద మరొక పలుచని పొర వేయడం. మన ఊళ్లలో శ్రీరామనవమికీ, పెళ్లిళ్లకూ తాటాకులతో వేసే చలువ పందిరి చేసే పని ఇదే: నడినెత్తి ఎండను పూర్తిగా ఆపుతుంది, కింద చేరిన వేడి గాలిని ఆకుల సందుల్లోంచి పైకి పోనిస్తుంది. ఇనుప చట్రం మీద వెదురు తడికలు పరచినా ఇదే ఫలితం వస్తుంది. వెదురును బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన ద్రావణంలో నానబెట్టి ఆరబెట్టకపోతే పురుగు తొలిచి పొడి రాలుతుంది. శుద్ధి చేసినా వానలకు తడిసే తడికలను అప్పుడప్పుడు మార్చుకోవలసిందే. మార్చడం సులువు కనుక నేను దీనిని లోపంగా లెక్కించను.

నర్సరీలలో వాడే షేడ్ నెట్ అన్నిటికంటె చవక. 50, 75, 90 శాతం నీడనిచ్చే రకాలు దొరుకుతాయి. ఇంటి పెరటికి 75 శాతానిది చాలు. అది ఎప్పటికైనా వదులై వేలాడుతుంది, చూడటానికి అంత బాగుండదు. అయితే డబ్బు కూడేదాకా రెండు వేసవులు గడపడానికి దానికి మించినది లేదు.

తీగల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మే నెలలో ఆకుల పందిరి కింద ఉండే చల్లదనం ఏ షీటు కిందా ఉండదు. ఆకులు నీటిని ఆవిరి చేస్తూ తామూ చల్లగా ఉంటాయి, కిందికి వేడిని వెదజల్లవు. కాని ఏ తీగ ఎక్కించాలన్నది జాగ్రత్తగా ఎంచుకోవాలి. బీర, సొర, చిక్కుడు పాదులు తొలకరికి పెడితే వానాకాలంలో, చలికాలంలో కాస్తాయి. ఎండలు ముదిరే నాటికి ఎండిపోతాయి, అంటే నీడ అవసరమైనప్పుడే ఉండవు. నీరు పెడుతూ ఉంటే దొండ పాదు ఏళ్ల తరబడి నిలుస్తుంది. సన్నజాజి సువాసననిస్తుంది గాని దట్టమైన నీడ ఇవ్వడానికి సమయం తీసుకుంటుంది. త్వరగా కమ్ముకుని ఏడాదంతా పచ్చగా ఉండేది రాధామనోహరం. ముదిరినకొద్దీ దాని కాండం లావెక్కి బరువు పెరుగుతుంది కనుక ఏడాదికోసారి గట్టిగా కత్తిరించాలి. కాగితం పూల తీగకు ముళ్లు ఉంటాయి, పిల్లలు ఆడుకునేచోట అది వద్దు. ఏ తీగనైనా స్తంభానికే నేరుగా చుట్టనిస్తే తరువాత రంగు వేయడానికి వీలుండదు. స్తంభానికి జానెడు దూరంలో విడిగా ఇనుప తీగ జాలి బిగించి దాని మీద పాకించడం మంచిది.

పాలీకార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్ షీటు వానను ఆపుతుంది, అందుకే చాలామంది దానివైపు మొగ్గుతారు. పారదర్శకమైన షీటు కింద మే నెలలో కూర్చోవడం కష్టం; పాల రంగు షీటు కొంత నయం. యూవీ (అతినీలలోహిత) కిరణాలను అడ్డుకునే పూత ఉన్న వైపు పైకి ఉండేలా వేయాలి, తిరగవేసి బిగిస్తే త్వరగా పసుపెక్కి పెళుసవుతుంది. అడుగుకు ఒక అంగుళమైనా వాలు ఇవ్వాలి. కోతుల బెడద ఉన్న ఊళ్లలో పలుచని షీటు ఎక్కువ కాలం నిలవదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. అద్దపు పైకప్పును మన ఎండలకు నేను సిఫారసు చేయను.

చివరగా, తిరిగే పలకల అల్యూమినియం పెర్గోలా. పలకలను మూసివేస్తే మధ్యాహ్నం పూర్తి నీడ, వానకు నీరు దూలాల లోపలి కాలువల ద్వారా స్తంభాల గుండా కిందికి దిగిపోతుంది, చలికాలపు ఉదయం పలకలు తెరిస్తే ఎండ లోపలికి వస్తుంది. పనితనం దృష్ట్యా దీనికి సాటి లేదు. అయితే రెండు విషయాలు ముందే అడగాలి. మొదటిది, మన దగ్గర ఈదురుగాలితో వాన రావడం, కరెంటు పోవడం ఒకేసారి జరుగుతాయి. అటువంటప్పుడు పలకలను చేత్తోనో, బ్యాటరీతోనో మూసే ఏర్పాటు ఉందా? రెండవది, పక్కన వేపచెట్టు ఉంటే రాలే ఆకులు ఆ సన్నని కాలువలను పూడ్చేస్తాయి. వాటిని విప్పి శుభ్రం చేయడానికి వీలుందా? ఈ రెండింటికీ స్పష్టమైన సమాధానం రాకపోతే కొనకపోవడమే మంచిది.

ఏ సామగ్రితో నిలబెట్టాలి

ఊరి వెల్డింగ్ షాపులో ఎవరైనా చేయగలిగినది ఎం.ఎస్. (మైల్డ్ స్టీల్, అంటే మామూలు ఇనుము) పైపుల చట్రం. స్తంభాలకు 4 అంగుళాల చదరపు పైపు, పట్టీలకు 2 అంగుళాలు వెడల్పు, 4 అంగుళాలు లోతు గల పైపు సాధారణంగా సరిపోతాయి. పైపు మందం విషయంలో మోసపోయే అవకాశం ఎక్కువ, ఎందుకంటే రంగు వేశాక 2 మి.మీ. పైపుకూ 1.6 మి.మీ. పైపుకూ తేడా కంటికి తెలియదు. తూకం మాత్రం అబద్ధం చెప్పదు: 50 × 100 మి.మీ. కొలత, 2 మి.మీ. మందం గల 20 అడుగుల పైపు 27 కిలోలకు తగ్గకుండా తూగాలి, 1.6 మి.మీ.ది అయితే 22 కిలోల దగ్గరే ఆగిపోతుంది. సామగ్రి దిగిన రోజునే ఒక పైపును తూకం వేయించండి.

ఇనుమును తినేది తుప్పు, తుప్పు మొదలయ్యేది కంటికి కనిపించే నడి పైపు మీద కాదు. స్తంభం పాదం దగ్గర, దాని అడుగున ఉండే ఇనుప పలక (బేస్ ప్లేటు) చుట్టూ నీరు నిలిచే చోట, వెల్డింగ్ అతుకుల అడుగున, మూత వేయని పైపు చివరల లోపల అది మొదలవుతుంది. కాబట్టి బేస్ ప్లేటు నేల మట్టానికి కనీసం 2 అంగుళాలు పైన ఉండేలా దిమ్మె కట్టి, దాని పైభాగాన్ని నలువైపులా వాలుగా నున్నగా చేయించాలి. పైపు చివరలన్నిటికీ ఇనుప మూతలు వెల్డ్ చేయించాలి. జి.ఐ. (జింకు పూత వేసిన ఇనుము) పైపు కొంటే తుప్పు భయం తగ్గుతుంది, కాని వెల్డ్ చేసిన ప్రతిచోటా జింకు పూత కాలిపోతుంది. అక్కడ జింకు అధికంగా ఉన్న పెయింటు రెండుసార్లు వేయకపోతే జి.ఐ. కోసం పెట్టిన అదనపు ఖర్చు వృథా. సముద్రతీరాన ఉప్పుగాలి తగిలే ఇళ్లలో మామూలు ఎం.ఎస్.ను నేను అసలు ఎంచుకోను. నల్లరంగు ఇప్పుడు అందరికీ ఇష్టమైన రంగే గాని, మే నెల మధ్యాహ్నం నల్ల స్తంభాన్ని పిల్లలు పట్టుకుంటే చేయి చురుక్కుమంటుంది; లేత రంగు వేయించుకోవడం మంచిది.

టేకు అందం మరి దేనికీ రాదు. టేకు కర్రలో సహజంగా ఉండే నూనె వల్ల అది వానకు, చెదలకు చాలావరకు తట్టుకుంటుంది. కాని ఆ గుణం చేవకే గాని తెల్లని పై చెక్కకు ఉండదు. అందుచేత డిపోలో కర్రను ఎంచుకునేటప్పుడు అంచుల వెంబడి తెల్లని చారలున్న దుంగను తిరస్కరించాలి. కర్ర స్తంభాన్ని ఎట్టి పరిస్థితిలోనూ మట్టిలో పాతకూడదు. ఇనుప పాదంలో నిలిపి నేలకు ఎడంగా ఉంచాలి. పూత లేకుండా వదిలేస్తే టేకు క్రమంగా బూడిద రంగుకు మారుతుంది, దాని బలానికేమీ కాదు. గోధుమ రంగు అలాగే ఉండాలంటే ఏటా నూనె పూయాలి. 12 × 10 అడుగుల పెర్గోలాకు పైన చెప్పిన 2 × 6 అంగుళాల పట్టీలు 19, జంట దూలాలు, 5 అంగుళాల చదరపు స్తంభాలు నాలుగు కలిపి దాదాపు 30 ఘనపుటడుగుల కర్ర పడుతుంది. మీ ఊరి డిపోలో ఘనపుటడుగు ధర కనుక్కుని గుణిస్తే, తరుగు, కూలి కాకుండా కర్ర ఖర్చు ఎంతో తెలిసిపోతుంది. ఆ అంకె చూసి చాలామంది వెనక్కి తగ్గుతారు. స్తంభాలు, దూలాలు ఇనుముతో చేయించి, పైన పట్టీలు మాత్రం టేకుతో వేయించుకోవడం అప్పుడు చక్కని మధ్యేమార్గం.

కర్ర పొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన, కర్రలా కనిపించే డబ్ల్యూపీసీ పలకలను చెదలు తినవు, కాని అవి బరువు మోయడానికి తయారైనవి కావు. వాటిలోని ప్లాస్టిక్ మన ఎండకు మెత్తబడి, ఆధారం లేని పొడవైన పట్టీ నడుమ కిందికి వంగుతుంది. లోపల ఇనుప పైపు ఉండి పైన తొడుగుగా వేస్తే ఫరవాలేదు. పట్టీ మొత్తం డబ్ల్యూపీసీయే అంటే ఒప్పుకోవద్దు.

అల్యూమినియం బరువు ఇనుములో మూడోవంతు, ఎర్రని తుప్పు పట్టదు, పౌడర్ కోటింగ్ (పొడిగా చల్లి, వేడి చేసి అంటించే రంగు) మంచిదైతే ఏళ్ల తరబడి రంగు చెడదు. తీరప్రాంతానికి తగినది ఇదే. ఇది వేడికి ఇనుముకంటె దాదాపు రెట్టింపు సాగుతుంది. 4 మీటర్ల దూలం 40 డిగ్రీల తేడాకు దాదాపు 4 మి.మీ. పెరుగుతుంది, కనుక అతుకుల దగ్గర ఆ మేరకు సందు ఇవ్వని పనివారి చేతిలో అది కిర్రుమంటూ వంకర్లు పోతుంది. మామూలు ఇనుప బోల్టులు తగిలినచోట అల్యూమినియం పుచ్చిపోతుంది. స్టెయిన్‌లెస్ బోల్టులు, నైలాన్ వాషర్లు వాడాలి.

ఇల్లు కట్టేటప్పుడే స్లాబుతోపాటు పోయించే కాంక్రీటు పెర్గోలా ఆ తరువాత ఖర్చు పెట్టించదు, గాలికి కదలదు. అయితే పగలంతా తాగిన వేడిని అది రాత్రి పొద్దుపోయేదాకా వదులుతూనే ఉంటుంది, దిక్కు తప్పితే సరిదిద్దే వీలుండదు. పలుచని పట్టీలలో లోపలి కడ్డీకి కాంక్రీటు కప్పు తక్కువైతే కొన్నేళ్లకు కడ్డీ తుప్పుపట్టి పెచ్చులూడతాయి. కూర్చునేచోటికి కాకుండా, ఇంటి ముందు అలంకారానికే అది తగినది.

గాలి

మన భవనాల లెక్కలకు ప్రమాణమైన ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం హైదరాబాద్‌కు ప్రాథమిక గాలి వేగం సెకనుకు 44 మీటర్లు, విజయవాడకు, విశాఖపట్నానికి 50 మీటర్లు; అంటే గంటకు సుమారు 158, 180 కిలోమీటర్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ తీరాన్ని తాకినప్పుడు ఆ వేగం అంకెలలో మాత్రమే ఉండేది కాదని ఆ నగరం చూసింది. పట్టీలు మాత్రమే ఉన్న పెర్గోలా గుండా గాలి దాటిపోతుంది. షీటు వేసినదానిని మాత్రం గాలి కిందినుంచి పైకి లేపుతుంది. సెకనుకు 50 మీటర్ల గాలి చదరపు మీటరుకు సుమారు 150 కిలోల ఒత్తిడి తెస్తుంది. 12 × 10 అడుగుల షీటు మీద పూర్తిగా పనిచేస్తే అది 1,700 కిలోలవుతుంది. ఒకటిన్నర అడుగుల చదరం, రెండున్నర అడుగుల లోతు గల కాంక్రీటు దిమ్మె బరువు 380 కిలోలు మాత్రమే, నాలుగు కలిపినా 1,520. అంటే తీరప్రాంతంలో షీటు పైకప్పు కోరుకునేవారు దిమ్మెలు ఇంకా పెద్దవి చేయించాలి, లేదా తుఫాను హెచ్చరిక రాగానే విప్పి చుట్టిపెట్టుకోగల పైకప్పును ఎంచుకోవాలి. ఇంటి గోడకు ఆనించి కట్టేటప్పుడు యాంకర్ బోల్టులు కాంక్రీటు బీములోకి దిగాలి. ఇటుక గోడలోకి దిగినవి ఒక్క ఈదురుగాలికే ఊడిరావచ్చు.

ఇవన్నీ కలిపి చూసినప్పుడు, తెలంగాణ, రాయలసీమ ఊళ్లలో మధ్యతరగతి ఇంటికి నా ఎంపిక జి.ఐ. చట్రం, ఉత్తర దక్షిణాలుగా పట్టీలు, వాటి మీద వెదురు తడిక, పడమట జాలి మీద రాధామనోహరం. తీరప్రాంతంలో అయితే పట్టీల అల్యూమినియం పెర్గోలా, దాని కింద చుట్టి దాచుకోగల గుడ్డ తెర. ఖర్చుకు వెనుకాడనివారు, వానలో కూడా బయట కూర్చోవాలనుకునేవారు తిరిగే పలకలదానిని తీసుకోవచ్చు, మరమ్మతు చేసే మనిషి తమ ఊళ్లోనే ఉంటేనే. అద్దె ఇంటివారు షేడ్ నెట్‌ను దాటి పోనవసరం లేదు.

పని మొదలుపెట్టే ముందు ఇంటి చుట్టూ నిబంధనల ప్రకారం ఖాళీగా వదలవలసిన స్థలంలోకి పెర్గోలా వస్తుందేమో ప్లాను చూసి సరిచూసుకోవాలి, షీటుతో కప్పదలచుకుంటే మునిసిపాలిటీ టౌన్ ప్లానింగ్ విభాగంలో అడిగి తెలుసుకోవాలి. ఫ్యాను, దీపాలు కావాలంటే వైరు గొట్టాలు దిమ్మెలు పోసేటప్పుడే పెట్టించాలి, ఇనుప చట్రానికి తప్పనిసరిగా ఎర్తింగ్ ఇప్పించాలి. ఫ్యాను రెక్కలు నేలకు ఎనిమిది అడుగుల ఎత్తున ఉండాలి కనుక దూలాలు తొమ్మిది అడుగులకు తగ్గకూడదు. వానలు తక్కువగా ఉండే డిసెంబరు, జనవరి నెలలు రంగు పనికి అనుకూలం. తీగలను మాత్రం తొలకరికి నాటాలి, అంటే చట్రం ఈ చలికాలంలో నిలిపినవారు రాబోయే వేసవికి తడికల మీద ఆధారపడి, ఆ మరుసటి వేసవికి ఆకుల నీడను ఆశించవచ్చు.